తొంభై రెండు మార్కుల పేజీ

కిటికీ లేని గది, మూడో అంతస్తు

చిరంజీవి తమ్ముడికి అక్క రాసేది,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. వెన్నునొప్పి మీ బావని వదల్లేదు, మీ బావ కుర్చీని వదల్లేదు. మిగతాదంతా మామూలే.

ఫోన్ చెయ్యక ఈ రాతలేమిటి అనుకోకు. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే అది ఎలా ముగుస్తుందో నీకూ తెలుసు. కోపం వస్తే కూర్చుని రాసుకోండర్రా, రాస్తుంటే సగం చల్లారుతుంది అనేది అమ్మ. నాకైతే రాస్తున్నకొద్దీ పెరుగుతుంది. అయినా ఆవిడ మాట మీద గౌరవంతో మెయిల్లోనే ఉత్తరం రాస్తున్నాను.

సంగతేమిటంటే మా ఆఫీసులో సరళ భాషా వారోత్సవం మొదలైంది. గోడల మీద పోస్టర్లు, లిఫ్టులో పోస్టర్లు, చివరికి చేతులు కడుక్కునే చోట కుళాయి పైన కూడా ఒకటి. "చిన్న మాట రాయండి, పెద్ద మేలు చెయ్యండి" అని. ఆ కుళాయిలో నీళ్ళు రావు. నీళ్ళు రావని చెప్పే కాగితం మాత్రం "సేవలు తాత్కాలికముగా అందుబాటులో లేనందులకు చింతిస్తున్నాము" అంటూ దాని పక్కనే వేలాడుతోంది. దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు.

నా పని నీకు తెలిసిందే. క్లినిక్కుల్లో రిసెప్షన్ దగ్గర కూర్చుని పేషంట్ల వివరాలు ఎక్కించేవాళ్ళ కోసం మా కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతుంది. దాన్ని ఎలా వాడాలో చెప్పే మాన్యువల్ ఇంగ్లీషులో రాసేది మేం ముగ్గురం: నేనూ, ప్రతి వాక్యానికీ వంక పెట్టే మా వంకల పెద్దాయనా, మొన్ననే సెలవు ముగించుకుని వచ్చిన బాలింతా. నేను చేరిన కొత్తలో ఆ మాన్యువల్ ఇంగ్లీషు ఎలా ఉండేదంటే, తెలుగులో చెబితే ఇలా: "వినియోగదారుడు తదుపరి ప్రక్రియకు ఉపక్రమించుటకు పూర్వము సదరు మీటను నొక్కవలసినదిగా ఇందుమూలముగా కోరడమైనది." ఇంతా చేసి చెప్పిందేమిటయ్యా అంటే, బటన్ నొక్కు అని. ఆ కొండలన్నీ తవ్వి, ఎలుకల్ని బయటికి తీసి, మనుషులు చదివే ఇంగ్లీషులోకి తెచ్చేసరికి మాకు ఏళ్ళు పట్టింది. చదివేది ఎవర్రా? ఇంగ్లీషు సొంత భాష కాని మనిషి. ఎదురుగా నలుగురు పేషంట్లు అరుస్తుంటే ఒక చెవిన ఫోను నొక్కిపెట్టుకుని చదువుతుంది.

ఇప్పుడు బయటినుంచి ఎవరో సంస్థవాళ్ళని తెచ్చి మాకు సరళంగా రాయడం నేర్పిస్తారట. వాళ్ళ దగ్గర ఒక యంత్రం ఉంది. పేజీని అందులో పడేస్తే నూటికిన్ని అని మార్కులు వేస్తుంది. మాట ఎంత చిన్నదైతే అన్ని మార్కులు. మా బాలింత పంతానికి వాళ్ళ పాప మాటలు "బా బా మా మా" అని టైపు చేసి పడేసింది. నూటికి నూరు వచ్చింది. ఆ పిల్లని పిలిచి మా కుర్చీల్లో కూర్చోబెడితే కంపెనీకి కలిసొస్తుంది.

ఇంతవరకూ నవ్వులాటే. కానీ తొంభై మార్కులు దాటకపోతే మా గదే ఎత్తేస్తారని గుసగుసలు వినిపిస్తున్నాయి. నువ్వు కంపెనీలకి సలహాలిచ్చే ఈ రంగంలోనే తిరుగుతుంటావు, అందరూ నీకు తెలుసు. ఈ వచ్చినవాళ్ళెవరో, మా ముగ్గురి ఉద్యోగాల గురించి ఏమనుకుంటున్నారో కాస్త కనుక్కో. ఒక్క ముక్కలో చెప్పు చాలు.

అక్క


హోటల్ గది, సూట్‌కేసు పక్కన

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం విమానంలో చదువుకున్నాను. గట్టిగా నవ్వేసరికి పక్క సీటాయన ఇయర్‌ఫోన్లు తీసి మరీ చూశాడు. నువ్వు మారలేదు, మారవు కూడా. మీ పాపకి నా తరఫున అభినందనలు చెప్పు. అదే, బాలింత గారి పాపకి.

నేను ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాను. మీ మరదలు కిందటి వారం నన్ను చూసి "ఎవరు కావాలండీ?" అంది. ఈ సంవత్సరం చివరికి మా సంస్థలో నన్ను భాగస్వామిగా తీసుకోవచ్చు. ఖాయం కాదు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఒక మాట చెప్పనా, కోప్పడవు కదా? ఆ వచ్చినవాళ్ళ మీద నువ్వు మరీ అంత విరుచుకుపడక్కర్లేదు. యంత్రానికి లోపాలుంటాయి, కాదనను. కానీ పెద్ద కంపెనీలకి ఏదో ఒక కొలత కావాలి. బాగా రాశావు, బాగా రాయలేదు అని మనిషి చెబితే పై వాళ్ళు నమ్మరు, అంకె చెబితే నమ్ముతారు. ఆ సంస్థవాళ్ళు నిజానికి చాలా శ్రద్ధగా పనిచేసేవాళ్ళని విన్నాను. వాళ్ళ శిక్షణ తరగతులు కూడా బాగుంటాయట.

ఉద్యోగాల విషయానికొస్తే, ఇలాంటి సందర్భాల్లో ఏ సంస్థ అయినా అన్ని కోణాలనూ దృష్టిలో పెట్టుకుని సమగ్రంగా ఆలోచించే ముందుకెళుతుందని అనుకుంటున్నాను. తొందరపడి ఏ అభిప్రాయానికీ రాకపోవడం మంచిది.

బావని నడవమను. కుర్చీని కాదు, ఆయన్నే.

నీ తమ్ముడు


మీటింగు హాలు, అందరూ వెళ్ళాక

మా ఇంటి మహామేధావికి,

మీ శిక్షణ తరగతి ఇందాకే ముగిసింది. "మీ" అని ఎందుకన్నానో చెబుతాను, కంగారుపడకు.

అందర్నీ కూర్చోబెట్టారు. మీరు పంపిన శిక్షకురాలు తెర మీద ఒక బొమ్మ వేసింది. చేయి కాల్చుకుని ఏడుస్తున్న పిల్లాడు. మా సంస్థలో ఒక పెద్దాయన చిన్ననాటి కథ ఇది, అంది. ఆయన అక్క పొయ్యి మీది పాల గిన్నె దించమని చెప్పిందట. ఆ అక్కగారి వాక్యం ఎంత పొడుగంటే, అది పూర్తయ్యేలోపు ఆయన చేయి కాలిపోయిందట. కాబట్టి మిత్రులారా, చిన్న వాక్యాలు రాయండి. హాలంతా నవ్వింది. మర్యాదకి నేనూ నవ్వాను. ఆ అక్కని నేనేనని పక్కనున్న బాలింతకి కూడా చెప్పలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కిందటి ఉత్తరంలో ఆ సంస్థని నువ్వెందుకంత వెనకేసుకొచ్చావో ఇప్పుడర్థమైంది. "చాలా శ్రద్ధగా పనిచేసేవాళ్ళని విన్నాను." ఎవరి నోట విన్నావురా, అద్దం ముందు నిలబడి విన్నావా?

సరే, అది అలా ఉంచు. నా కథని నువ్వు ఊరూరా అమ్ముకుంటున్నందుకు నాకు బాధ లేదు. తప్పుగా అమ్ముతున్నందుకు ఒళ్ళు మండుతోంది. ఆ రోజు నేను పొడుగు వాక్యమేమీ చెప్పలేదు. "గిన్నె దించు" అన్నాను. రెండే మాటలు. నువ్వు దించావు. "ఆగు, కాలుతుంది, గుడ్డతో పట్టుకో" అన్నది ఆ తర్వాత. నా మాటలు మీ యంత్రంలో వేస్తే నూటికి నూరు వస్తాయి. నీ చేయి మాత్రం కాలింది. పొడుగు వల్ల కాదు, వరస తప్పడం వల్ల. అమ్మ నా వీపు విమానం మోత మోగించి మరీ నేర్పింది ఆ పాఠం. దాని మీదే నేను ఇన్నాళ్ళూ తిండి సంపాదించుకున్నాను. నువ్వు దాన్ని తలకిందులు చేసి తెరకెక్కించావు.

తెర మీద ఉన్నంతవరకూ నష్టం లేదు. ఇప్పుడు మాన్యువల్లోకే తెచ్చారు. మెర్జ్ అని ఒక బటన్ ఉందిరా. ఒకే పేషంటు పేరు పొరపాటున రెండుసార్లు ఎక్కితే ఆ రెండు రికార్డుల్నీ అది కలిపేస్తుంది. కలిపాక విడదీయడం ఎవరి తరమూ కాదు. పేరొకటే అయిన ఇద్దరు వేరువేరు మనుషుల్ని కలిపేశావనుకో, ఒకరికి పడని మందుల వివరాలు చెరిగిపోయి రెండోవాళ్ళవే మిగులుతాయి. అందుకని నా పేజీలో మొదటి మాటే ఇది: పుట్టిన తేదీ, ఫోన్ నంబరు రెండూ సరిపోతేనే నొక్కండి, నొక్కాక వెనక్కి తీసుకోలేరు. మీవాళ్ళు దీన్ని ఏం చేశారో తెలుసా? "మెర్జ్ నొక్కండి. రికార్డులు కలుస్తాయి. పని అయిపోయింది!" అని పైన పెట్టారు. నా హెచ్చరికని పేజీ అడుక్కి, "మరికొన్ని విషయాలు" అనే శీర్షిక కిందికి తోశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోమని అచ్చేసి పంచడం నేనెక్కడా చూడలేదు.

రెండు ప్రశ్నలు. ఈ పేజీ మళ్ళీ నా వరసలోకి మారుతుందా, మారదా? మా ముగ్గురి ఉద్యోగాలు ఉంటాయా, పోతాయా? సరళంగా రాయి. అది నీ వృత్తి కదా.

అక్క


హోటల్ గది, మరో ఊరు

అక్కకి,

అవును, మా సంస్థే. ముందే చెప్పాల్సింది. ఒప్పందం ప్రకారం బయట మాట్లాడకూడదు, అదీగాక నువ్వు అక్కడ పనిచేస్తున్నావని తెలిస్తే పక్షపాతం అంటారని ఊరుకున్నాను. పాల గిన్నె కథ నిన్ను నొప్పిస్తుందనుకోలేదు. నాకు గుర్తున్నది గుర్తున్నట్టే చెప్పాను.

ఆ పేజీ సంగతి. నీ పాత పేజీకి అరవై ఒకటి వచ్చింది అక్కా. "అయితేనే", "కాకపోతే" అన్న ప్రతి చోటా యంత్రం మార్కులు కోస్తుంది. కొత్తదానికి తొంభై రెండు. ఒప్పందంలో మేం రాసిచ్చిన అంకె తొంభై. పైగా అమ్మకాల విభాగం వాళ్ళు ఒక మాటన్నారు, అందులోనూ కొంత సబబు ఉంది: పేజీ తెరవగానే హెచ్చరిక కనిపిస్తే కొనేవాడు బెదురుతాడు. మేం హెచ్చరికని తీసెయ్యలేదు కదా. అది ఉంది. చదివేవాళ్ళు చివరిదాకా చదివితే కనిపిస్తుంది.

ఇక మీ విభాగానికి సంబంధించి, రచనా వనరుల పునర్వ్యవస్థీకరణ దిశగా కొన్ని ప్రతిపాదనలు ప్రస్తుతం పరిశీలన దశలో ఉన్న మాట వాస్తవమే అయినప్పటికీ, వ్యక్తిగత స్థాయిలో వాటి ప్రభావం ఏ మేరకు ఉండగలదన్నది ఈ దశలో చెప్పడం సమంజసం కాదని భావిస్తున్నాను.

దయచేసి ఆఫీసులో పెద్దగా గొడవ చెయ్యకు. నా పరిస్థితి కూడా కాస్త అర్థం చేసుకో.

తమ్ముడు


ఒక క్లినిక్కు, రిసెప్షన్ వెనకున్న ప్లాస్టిక్ కుర్చీ

శ్రీయుత సరళ భాషా శిక్షకుల వారి దివ్యసముఖమునకు,

తమరి ఉత్తరంలో "పునర్వ్యవస్థీకరణ" నుంచి "భావిస్తున్నాను" దాకా ఉన్న ముక్కని ఇంగ్లీషులోకి మార్చి తమరి యంత్రంలోనే వేశాం. పదకొండు వచ్చింది. వంకల పెద్దాయన తన సర్వీసులో ఇంత తక్కువ చూడలేదన్నారు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేనూ ఎప్పుడూ చూడలేదు.

నీళ్ళు నమలడంలో నీకు డాక్టరేటు ఇవ్వొచ్చు. నేను అడిగింది ఉంటాయా పోతాయా అని. "పోతాయి" అనడానికి నీకు అంత సామాను పట్టింది. అర్థమైంది లే.

ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందాం. ముందు ఈ పేజీ. నేను ఏ పేజీనైనా ఎలా పరీక్షిస్తానో నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఏదో ఒక క్లినిక్కుకి వెళతాను. ఉత్తుత్తి పేర్లతో నింపిన కంప్యూటరు ముందు అక్కడి మనిషిని కూర్చోబెట్టి, పేజీ చేతికిచ్చి, నేను వెనక కూర్చుంటాను. నోరు మెదపకూడదు. ఆవిడ తప్పు చేస్తుంటే నాలుక కరుచుకోవాలే తప్ప చెప్పకూడదు. రేపు ఆ మాన్యువల్ చదివేటప్పుడు పక్కన నేను ఉండను కదా.

మీ తొంభై రెండు మార్కుల పేజీ ఇవాళ ఇక్కడి రిసెప్షనిస్టుకి ఇచ్చాను. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, చలాకీ పిల్ల, పనిలో గట్టిది. చదివింది. నొక్కింది. ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ళని కలిపేసింది. పైన "పని అయిపోయింది!" అని ఉంది కాబట్టి పని అయిపోయిందనుకుని ఫోన్ ఎత్తబోయింది. వెనక నేను కుర్చీలోంచి లేవకపోయేసరికి అనుమానమొచ్చి పేజీ కిందిదాకా చూసింది. తర్వాత నావైపు తిరిగి "ఏంటండీ ఇది, ముందు చెప్పొద్దా?" అంది. నాకు తలెత్తి ఆ పిల్ల మొహం చూడబుద్ధి కాలేదు. ఉత్తుత్తి పేర్లు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. వచ్చే నెల ఇదే పేజీ నిజం పేషంట్ల మీదికి వెళుతుంది.

పేజీ రాసినవాళ్ళు సంతకం పెడితేనే అది బయటికి వెళ్ళాలన్నది మా ఆఫీసు పద్ధతి. నేను పెట్టను. మా మేనేజరుతో ఇవాళే కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను. "హెచ్చరిక ఉంది కదమ్మా" అన్నాడు. అచ్చం నీలాగే. ఉందయ్యా, బావిలో పడ్డవాడికి కనిపించేలా అడుగున రాసిపెట్టారు అన్నాను. ఆయన కంప్యూటర్లో ఏదో వెతుక్కున్నాడు.

ఈ ఒక్క పేజీ మార్చు. మార్కులు పోతే పోనీ. మిగతా మాన్యువల్‌ని "బా బా మా మా" అని రాసుకో, అడగను.

అక్క


మా ఇల్లు, బట్టలు ఆరేసే బాల్కనీ

అక్కా,

నువ్వు తిట్టినవన్నీ సబబే. కానీ నా గతి కూడా చూడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ ఒక్క పేజీ మారిస్తే ఆ అధ్యాయం మొత్తం తొంభై కిందికి జారుతుంది. ఒప్పందం చెడితే నా భాగస్వామ్యం సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఉండదు. మీ మరదలికి ఇప్పుడు ఆరో నెల. నీకు చెప్పాలనే అనుకుంటున్నాం, ఈ గొడవల్లో కుదరలేదు. ఇలా చెబుతున్నందుకు సిగ్గుగా ఉంది.

నువ్వు ముక్కలో చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. మేం ఇచ్చిన సలహా మీదే మీ గది మూసేస్తున్నారు. ఇద్దర్ని తీసేస్తారు. నిన్ను మాత్రం "నాణ్యతా పరిశీలకురాలు" అని పేరు పెట్టి ఉంచమని నేనే రాశాను. దానికి వాళ్ళు ఒప్పుకోవాలంటే నువ్వు ఆ పేజీ మీద సంతకం పెట్టాలి. ఎంతసేపు పట్టే పని అది? పెట్టెయ్. అందరం బతుకుతాం. రెండు మూడు నెలల తర్వాత గొడవ సద్దుమణిగాక ఆ హెచ్చరికని మెల్లిగా పైకి జరుపుదాం. నాది పూచీ.

ఇంకో చిన్న సాయం. అడగడానికి మొహం చెల్లడం లేదు, కానీ వేరే దారి లేదు. ఉద్యోగాల గురించి ఆఫీసులో అంటించే నోటీసు సరళమైన భాషలో ఉండాలని మీ పై వాళ్ళు పట్టుబట్టారు, వారోత్సవం ఇంకా నడుస్తోంది కదా. మావాళ్ళు నాలుగుసార్లు రాశారు. ఒక్కటీ అర్థం కావడం లేదు. మీ కంపెనీలో అర్థమయ్యేలా రాయగలిగింది ఎవరంటే అందరూ నీ పేరే చెబుతున్నారు. కాస్త రాసిపెడతావా?

తమ్ముడు


కిటికీ లేని గది, సర్దిన అట్టపెట్టెల మధ్య

తమ్ముడికి,

ముందు మంచి మాట. మరదల్ని మెట్లు ఎక్కనివ్వకు, మాటిమాటికీ ఊళ్ళు పట్టుకు తిరగకు. ఆరో నెల దాకా అక్కకి చెప్పకుండా దాచావంటే నీకు ఇంక చెప్పేదేముంది. తనకి విడిగా రాస్తాను.

మెడ కోసేముందు కత్తి కూడా మెడనే నూరిపెట్టమన్నట్టుంది నీ వ్యవహారం. మా గదిలో ఈ మాట చెప్పగానే వంకల పెద్దాయన చాలాసేపు నవ్వి, తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయనకి ఇంకో ఏడాదిలో ఎలాగూ రిటైర్మెంటే. బాలింతకే ఎటూ పాలుపోవడం లేదు. అయినా రాసిస్తాను. ఎవరో రాసిన చెత్త నోటీసుతో ఇంటికెళ్ళడం మా వృత్తికి నామోషీ. ఇదిగో:

"మూడో అంతస్తులో మాన్యువల్ రాసే ముగ్గురి ఉద్యోగాలు ఈ నెలాఖరున పోతాయి. వాళ్ళ పనిలో తప్పేమీ లేదు. వాళ్ళు రాసిన పేజీలకి యంత్రంలో మార్కులు తక్కువ వచ్చాయి. వాళ్ళ గది మూసెయ్యమని సలహా ఇచ్చింది బయటి సంస్థ తరఫున వచ్చిన శిక్షకుడు. ఆయన వాళ్ళలో ఒకరికి సొంత తమ్ముడు. ఇకమీదట మాన్యువల్ గురించి ఏ అనుమానం ఉన్నా ఆయన్నే అడగండి."

ముగ్గురు అని రాశాను, చూసుకో. ఇద్దర్ని గెంటేసి నన్నొక్కదాన్ని నాణ్యత అని కుర్చీలో కూర్చోబెడితే, ఆ కుర్చీలో మీ బావ కూర్చుంటాడేమో గానీ నేను కూర్చోను. సంతకం పెట్టలేదు, పెట్టను. "మెల్లిగా పైకి జరుపుదాం" అన్నావు. ఆ మెల్లిగా ఎవరి ప్రాణం మీదికి వస్తుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. నువ్వు ఇప్పుడు మార్చకపోతే ఇంక నాకు రాయకు.

అక్క


ఆస్పత్రి కారిడార్, కుర్చీల వరస

అక్కా,

నాలుగు నెలలైంది. రాయవద్దన్నావని రాయలేదు. మొన్న పాప పుట్టినప్పుడు కూడా బావకి ఫోన్ చేసి చెప్పించానే గానీ నీకు రాయలేకపోయాను. నువ్వు పంపిన గౌన్లు అందాయి. వాటితో ఒక చీటీ అయినా ఉంటుందేమోనని పొట్లమంతా వెతికాను.

నీ నోటీసులో శిక్షకుడి మాట, తమ్ముడి మాట తీసేసింది నేనే. నువ్వు గోడ మీద చూసే ఉంటావు. నీ సంతకం లేకుండా ఆ పేజీ ఎలా బయటికి వెళ్ళిందో కూడా చెబుతున్నాను. రాసేవాళ్ళ ఉద్యోగాలే లేవు కాబట్టి రాసేవాళ్ళ సంతకం అక్కర్లేదన్నారు. నా సంతకంతో వెళ్ళింది.

ఒక క్లినిక్కులో పేరూ ఇంటిపేరూ కలిసిన ఇద్దరు మగవాళ్ళని కలిపేశారు. అందులో ఒకాయనకి ఒక నొప్పి ఇంజెక్షన్ పడదు. రికార్డులో ఆ మాట చెరిగిపోయింది. ఇంజెక్షన్ ఇచ్చారు. గొంతు వాచిపోయి ఊపిరి ఆడలేదు. బతికాడు. నేనిప్పుడు ఆయన వార్డు బయటే కూర్చున్నాను. ఆయన భార్యకి నేనెవరో చెప్పలేదు. ఆవిడ నన్ను ఎవరో పేషంటు తాలూకు మనిషి అనుకుని, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చూపించింది.

మీ కంపెనీ, మా సంస్థ కలిసి రిసెప్షనిస్టు మీదికి నెట్టేస్తున్నాయి. హెచ్చరిక పేజీలో ఉందట, ఆ అమ్మాయి చదవలేదట. ఆ మాట మొదట అన్నది నేనే కదా. క్లినిక్కులన్నిటికీ పంపే కాగితం నన్నే రాయమన్నారు. పంపే మీట కూడా నా చేతిలోనే ఉంది. వాళ్ళు చెప్పింది కాకుండా ఇలా రాశాను. ఇది పంపగానే నన్ను తీసేస్తారు. పంపేముందు నువ్వొక్కసారి చూడు.

"మాన్యువల్‌ని సరళంగా మార్చే పనిలో నేను ఒక పెద్ద తప్పు చేశాను. మార్కుల కోసం మెర్జ్ హెచ్చరికను పేజీ చివరికి నెట్టాను. ఆ పేజీ మొదట రాసిన మా అక్క వద్దని ఎంతో చెప్పింది. నేను వినలేదు, ఆమె ఉద్యోగం పోవడానికీ నేనే కారణం. ఇందుకు తీవ్రంగా సిగ్గుపడుతున్నాను. మా పేజీని నమ్మి పనిచేసిన రిసెప్షనిస్టు తప్పేమీ లేదు. మెర్జ్ వాడిన క్లినిక్కులు తమ రికార్డులను ఒకసారి సరిచూసుకోగలరు."

తమ్ముడు


వంటిల్లు, కుక్కర్ పక్కన

ఒరేయ్,

ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. చేస్తే అరుస్తాను, నేను అరిస్తే నువ్వు పని చెయ్యలేవు. స్టవ్ ఆపి రాస్తున్నాను.

నీ కాగితం చదివాను. చక్కగా ఉంది, కళ్ళనీళ్ళు పెట్టించేలా ఉంది, ఎందుకూ పనికిరాదు. ఎవరు చదువుతారో మళ్ళీ మర్చిపోయావు. ఆ రిసెప్షన్ పిల్లకి నీ తప్పుతో ఏం పని? నీ అక్కతో ఏం పని? నీ సిగ్గంతా చదివి, చివరి వాక్యం చేరేలోపు ఎవరో వచ్చి "అమ్మా, మా నంబరు ఎప్పుడొస్తుంది" అంటారు. కాగితం పక్కన పెడుతుంది. ఆవిడ చెయ్యాల్సిన పని ఆ చివరి వాక్యంలోనే ఉంది. అందులోనూ "సరిచూసుకోగలరు" అట. ఎలా? దేంతో? మనుషుల ప్రాణాల మీదికి వచ్చినా నీ వరస మారలేదు.

ఇలా పంపు:

"మెర్జ్ బటన్ నొక్కకండి. మళ్ళీ మేం చెప్పేదాకా వాడకండి. ఇంతవరకూ మెర్జ్ చేసిన రికార్డుల్లో పడని మందుల వివరాలు తప్పు కావచ్చు. ఆ పేర్లన్నీ ఇవాళే డాక్టరు బల్ల మీద పెట్టండి. ప్రతి పేషంటుకీ ఫోన్ చేసి ఏ మందు పడదో అడిగి రాసుకోండి. అడిగేదాకా రికార్డు నమ్మి ఏ మందూ ఇవ్వకండి. అనుమానం వస్తే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి."

నంబరు నీది పెట్టు. నీది పనిచెయ్యకుండా చేస్తారనిపిస్తే నాది పెట్టు. ఫోన్లు ఎత్తడానికి నేనూ బాలింతా కూర్చుంటాం, పెద్దాయనకి కూడా కబురు పెట్టాను.

దాని కింద రిసెప్షనిస్టు తప్పు లేదన్న మాట ఉంచు, అది ఒక మనిషి ఉద్యోగం. దాని కింద హెచ్చరికని చివరికి నెట్టింది నువ్వేనని ఒక్క వాక్యం, నీ పేరుతో. అక్క గోల కొట్టెయ్. నేను చెప్పిందే నిజమైందని ఆస్పత్రి మంచం మీదున్న మనిషి అడ్డంగా పడుకుని రుజువు చెయ్యక్కర్లేదు. సిగ్గు అన్నిటికంటే చివర, చోటు మిగిలితే. ఆ వార్డు బయట కూర్చున్న ఆవిడకి మాత్రం నువ్వెవరో లేచి వెళ్ళి చెప్పు. అది కాగితం మీద కుదరదు.

నన్ను ఇంకోసారి చూడమని పంపకు. ఆ అటూ ఇటూ తిరగడంలో ఇంకో క్లినిక్కులో ఇంకో పిల్ల ఆ బటన్ నొక్కుతుంది. చదవడం ఆపి, ముందు పంపు.

పంపాక పాపనీ మరదల్నీ తీసుకుని మా ఇంటికి రా. తిట్టాల్సింది చాలా ఉంది, అప్పుడు కూర్చోబెట్టి తిడతాను.

అక్క